నీట్ కంప్యూటర్‌కు మారాలా, ఒకే పేపరు ఒకే పూట ఉండాలా?

బైపీసీ_నాన్న (2025 ఆగస్టు 21)

మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. మెడికల్ సీట్ల కోసం రాసే నీట్‌లో 2024 పేపరు లీకు గొడవ తర్వాత ఇస్రో మాజీ ఛైర్మన్ కె. రాధాకృష్ణన్ కమిటీ ఈ పరీక్షను కంప్యూటర్‌లోకి మార్చాలని సిఫారసు చేసింది కదా. 2025లో మాత్రం పాత పద్ధతిలోనే, పెన్నుతో బబుల్స్ దిద్దే ఓఎంఆర్ షీటు మీద, ఒకే రోజు ఒకే షిఫ్టులో పెట్టారు. ఇంట్లో ఇప్పుడు ఇదే టెన్షన్. ఎప్పుడో ఒకప్పుడు మారక తప్పదంటున్నారు. మారితే పిల్లలకు మంచిదా, చెడ్డదా? తెలిసినవాళ్లు చెప్పండి.

కోడ్‌రైటర్

మారాలండీ, ఈపాటికే మారి ఉండాల్సింది. కాగితం మీద అచ్చేసిన పేపరు ప్రెస్సులో మొదలై బ్యాంకు లాకరు, ట్రంకు పెట్టె, స్కూలు గది దాకా వందల చేతులు మారుతుంది. అందులో ఒక్క చెయ్యి చాలు. 2024లో పట్నాలో, హజారీబాగ్‌లో లీకైన మాట నిజమేనని సుప్రీంకోర్టే చెప్పింది. జేఈఈ మెయిన్ 2019 నుంచి కంప్యూటర్‌లోనే జరుగుతోంది. మన రెండు రాష్ట్రాల్లో ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) కూడా ఏళ్లుగా అంతే. బైపీసీ పిల్లలు అగ్రికల్చర్, ఫార్మసీ కోసం ఆ పరీక్ష రాస్తూనే ఉన్నారు కాబట్టి వాళ్లకు మౌసు కొత్త కాదు. షిఫ్టుల మధ్య తేడాను నార్మలైజేషన్, అంటే మార్కుల్ని పర్సంటైల్‌గా మార్చి పోల్చే లెక్క, సర్దుతుంది.

రెసిడెంట్_డాక్టరమ్మ

ఆ చివరి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. నేను రెండు రకాలుగానూ దెబ్బ తిన్నదాన్ని, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

2016లో తెలంగాణలో జులై 9న మెడికల్ సీట్ల కోసం పెట్టిన ఎంసెట్-2 రాశాను. పేపరు ప్రింటింగ్ ప్రెస్ నుంచే బయటికి పోయిందని సీఐడీ తేల్చడంతో పరీక్ష రద్దయింది. సెప్టెంబర్ 11న మళ్లీ రాశాం. ఆ రెండు నెలలు పుస్తకం ముందు కూర్చుంటే అక్షరాలు కనిపించేవి గానీ తలకెక్కేవి కావు. కాబట్టి లీకంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత 2024. ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీట్ల కోసం రాసే నీట్ పీజీ జూన్ 23న ఉండాలి. వాయిదా పడిందని ముందురోజు రాత్రి తెలిసింది. చివరికి ఆగస్టు 11న రెండు షిఫ్టుల్లో పెట్టారు, అదీ కంప్యూటర్‌లోనే. నాది మధ్యాహ్నం షిఫ్టు. నా రూమ్మేట్‌ది పొద్దుటిది. ఏడాదంతా ఒకే టేబుల్ మీద చదివాం, మాక్ టెస్టుల్లో ఇద్దరికీ ఎప్పుడూ అటూ ఇటూగా ఒకే మార్కులు. ఫలితాలొచ్చాక ర్యాంకుల్లో వేల తేడా. ఆమె నాకంటే బాగా రాసిందా, నా పేపరు కష్టమా, లెక్క కట్టడంలో ఏమైనా జరిగిందా? ఈ రోజుకీ నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు, ఎందుకంటే ప్రశ్నపత్రం గానీ కీ గానీ మా చేతికి ఇవ్వలేదు.

పర్సంటైల్ అంటే చాలామంది మార్కుల శాతం అనుకుంటారు. అది కాదు. నా షిఫ్టులో రాసినవాళ్లలో నాకు సమానంగా గానీ తక్కువగా గానీ మార్కులు వచ్చినవాళ్లు నూటికి ఎంతమంది అన్నదే నా పర్సంటైల్. అన్ని షిఫ్టుల్లోనూ కూర్చున్న పిల్లలు ఒకే స్థాయివాళ్లు అనే నమ్మకం మీద ఆ లెక్కంతా నిలబడుతుంది.

సుప్రీంకోర్టు 2025 మే 30న నీట్ పీజీని ఒకే షిఫ్టులో పెట్టమంది. ఏ రెండు ప్రశ్నపత్రాలూ ఒకే కఠినతతో ఉండవని స్పష్టంగా చెప్పింది. దాంతో జూన్ 15న జరగాల్సిన పరీక్ష ఆగస్టు 3కి వాయిదా పడింది, అదనపు కేంద్రాలు వెతుక్కోవాల్సి వచ్చింది కాబట్టి. రెండున్నర లక్షల లోపు మందికే అంత అవస్థ. 2025లో నీట్ యూజీ, అంటే మీ పాప రాయబోయే పరీక్ష, రాసినవాళ్లు 22 లక్షల పైమాటే. అంతమందికి ఒకే పూట కంప్యూటర్లు ఎక్కడ దొరుకుతాయి? అంటే నీట్‌ను కంప్యూటర్‌లోకి మార్చడమంటే షిఫ్టుల్లోకి మార్చడమే. ఈ రెండూ వేరువేరు అన్నట్టు మాట్లాడటం పిల్లల్ని మోసం చేయడమే అవుతుంది.

కోడ్‌రైటర్

డాక్టర్ గారూ, మీకు జరిగింది బాధాకరమే. కానీ ఒక్కో షిఫ్టులో లక్ష మందికి పైగా ఉంటే, ఎవరు ఏ షిఫ్టు అన్నది లాటరీలా కంప్యూటరే నిర్ణయిస్తే, షిఫ్టుల సగటు స్థాయి దాదాపు ఒకటే అవుతుంది. ఇది గణితం, నమ్మకం కాదు.

రెసిడెంట్_డాక్టరమ్మ

సగటు విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ సీటు సగటు దగ్గర తేలదు, పైకొసన తేలుతుంది. పేపరు సులువుగా వచ్చిన షిఫ్టులో బాగా చదివినవాళ్లందరూ ఒకేచోట గుంపుగా చేరతారు. అక్కడ ఒక్క ప్రశ్న తప్పితే నాలుగు మార్కులు పోయి, పైగా ఒకటి కోసేసి, వేలమంది వెనక్కి పోతారు. కష్టమైన షిఫ్టులో అదే తప్పుకు అంత శిక్ష ఉండదు. ఒకే పొరపాటుకు ఇద్దరు పిల్లలకు రెండు రకాల శిక్ష అన్నమాట. ఏ ఫార్ములా దీన్ని పూర్తిగా సరిచేయలేదు.

జువాలజీ_మాస్టారు

డాక్టరమ్మ మాటకు 2025 మే 4 నాటి పేపరే సాక్ష్యం. ఫిజిక్స్ చూసి మా కాలేజీలో బాగా చదివే పిల్లలే ఏడ్చుకుంటూ బయటికొచ్చారు. అంతకుముందు ఏడాది 720కి 720 వచ్చినవాళ్లున్న పరీక్షలో ఈసారి దేశంలో మొదటి ర్యాంకుకు వచ్చింది 686. అయినా నేను వాళ్లకు ధైర్యం చెప్పగలిగాను. "అందరికీ అదే పేపర్రా, కటాఫ్ కూడా దిగుతుంది" అన్నాను, అదే జరిగింది. పది షిఫ్టుల్లో ఒకదానికి మాత్రమే అలాంటి పేపరు వచ్చి ఉంటే ఏమని చెప్పేవాణ్ణి?

ఇంకో మాట. మార్పు అంటే అందరూ కంప్యూటర్ గురించే మాట్లాడుతున్నారు గానీ, పిల్లల్ని ఎక్కువ కుదిపింది చాయిస్ తీసేయడం. కోవిడ్ కాలంలో, 2021లో సెక్షన్ బి పెట్టి 15 ప్రశ్నల్లో ఏవైనా 10 రాయమన్నారు. 2025 నుంచి అది లేదు. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, అన్నీ రాయాల్సిందే. బబుల్స్ దిద్దే సమయం కూడా అందులోనే. దాని మీద చర్చే లేదు.

కోడ్‌రైటర్

సరే మాస్టారూ. మరి లీకు సంగతో? కాగితమే ఉండాలంటే మళ్లీ అదే ట్రంకు పెట్టె, అదే భయం.

రెసిడెంట్_డాక్టరమ్మ

లీకు ఆపాల్సిందే, 2016 నేను మర్చిపోలేదు. దానికి దారి కూడా ఆ కమిటీయే చూపించింది, ఎవరూ దాని గురించి మాట్లాడరు. పూర్తిగా కంప్యూటర్ కుదరనిచోట పేపరును తాళం వేసిన ఫైలుగా కేంద్రానికి పంపి, పరీక్షకు కాస్త ముందు అక్కడే ప్రింటు తీసి, పిల్లల చేత ఓఎంఆర్ మీదే రాయించడం. రోజుల తరబడి లాకర్లలో, లారీల్లో ఉండే కాగితం ఉండదు. అందరికీ పేపరు మాత్రం ఒకటే.

ఒకే పేపరుకున్న పెద్ద బలం ఇంకోటి ఉంది సార్. తప్పు జరిగితే దేశమంతా ఒకేసారి చూస్తుంది. 2024లో ఫిజిక్స్‌లో పరమాణువు మీద అడిగిన ఒక ప్రశ్నకు రెండు జవాబులు సరైనవని మార్కులిచ్చేశారు. సుప్రీంకోర్టు అడిగితే ఐఐటీ ఢిల్లీ నిపుణులు చూసి ఒకటే సరైనదన్నారు. నాలుగు లక్షల మందికి పైగా మార్కులు మారాయి. మొదట 67 మంది టాపర్లు ఉన్నచోట చివరికి 17 మంది మిగిలారు. ప్రశ్నపత్రం అందరి చేతిలో ఉంది కాబట్టే ఇది తేలింది. అదే తప్పు ఏడో షిఫ్టులోనో ఎనిమిదో షిఫ్టులోనో జరిగితే ఆ కొద్దిమంది గొంతు ఎవరికి వినపడేది?

కోడ్‌రైటర్

ఐదు వేలకు పైగా కేంద్రాల్లో ఒకే గంటలో ప్రింటు తీయడం మీరనుకున్నంత తేలిక కాదు. 2025లో ఇందౌర్‌లో కరెంటు పోయి చీకట్లో రాయాల్సి వచ్చిందని పిల్లలు కోర్టుకెళ్లారు. అలాంటి కేంద్రంలో ప్రింటరు ఆగితే ఏం చేస్తారు?

రెసిడెంట్_డాక్టరమ్మ

జనరేటరు పెట్టాలి, రెండో ప్రింటరు పెట్టాలి, అవి లేని స్కూలుకు కేంద్రం ఇవ్వకూడదు. కరెంటు లేని కేంద్రంలో మీ కంప్యూటర్లూ నడవవు కదండీ. ప్రింటరు ఆలస్యమైతే ఆ గదికి అంత సమయం కలిపి ఇవ్వొచ్చు. షిఫ్టు తేడాతో పోయిన ర్యాంకును నాకు ఎవరు తెచ్చిస్తారు?

బైపీసీ_నాన్న

అమ్మా, మాస్టారూ, కోడ్‌రైటర్ గారూ, అందరికీ థాంక్స్. ఇంతకీ మా పాప ప్రాక్టీసు ఎలా చేయాలి?

జువాలజీ_మాస్టారు

మారుస్తున్నామని నోటీసు వచ్చేదాకా ఓఎంఆర్ మీదే చేయించండి. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా, అసలు పరీక్ష వేళకే కూర్చోబెట్టండి. బయాలజీ 90 ప్రశ్నలు ముందు పూర్తిచేయమనండి. బబుల్స్ చివరికి ఉంచుకోవద్దు, ఏ పేజీకి ఆ పేజీ దిద్దుకుంటూ పోవాలి.