పూల్‌లో లైటు మార్చాలంటే నీళ్లన్నీ తోడాల్సిందేనా?

రాజోలు_హోంస్టే:
రాజోలు దగ్గర కొబ్బరితోటలో మాకు చిన్న హోంస్టే ఉందండి. పూల్ ముప్పై అడుగుల పొడవు, పదిహేను వెడల్పు, నాలుగడుగుల నీళ్లు. గోడలో నీటిమట్టానికి అడుగున్నర కింద ఉన్న లైటు ఆరిపోయింది. కట్టిన కాంట్రాక్టరేమో నీళ్లన్నీ తోడేశాక పిలవమంటాడు. మా వైరింగ్ కుర్రాడేమో "కరెంటు పోయినప్పుడు దిగి మార్చేస్తా సార్, ఐదు నిమిషాల పని" అంటాడు. వచ్చే ఆదివారం కార్తీక వనభోజనాలకు అరవై మంది వస్తున్నారు. ఎవరి మాట వినను?

గచ్చిబౌలి_పూల్స్:
కాంట్రాక్టరు చెప్పిందే కరెక్ట్. అపార్ట్‌మెంట్ పూల్స్ చూడటమే నా పని. ఖాళీ చేస్తే పనిలో పనిగా టైల్స్, గ్రౌటింగ్ కూడా చూసుకోవచ్చు. నీళ్లలో కరెంటు పని పెట్టుకోవడం ఎందుకండీ, నీళ్ల ఖర్చు ప్రాణం కంటే ఎక్కువా?

అమలాపురం_రిటైర్డ్_ఏఈ:
హైదరాబాదు రాతినేల మీద ఆ సలహా చెల్లుతుంది, కోనసీమలో చెల్లదు. లెక్క చూడండి. స్లాబుతో కలిపి పూల్ ఐదడుగులు భూమిలో ఉందనుకుందాం. మా పెరటి బావిలో ఇవాళ నీళ్లు అడుగున్నర లోతులోనే ఉన్నాయి, చెంబు వంచి ముంచుకోవచ్చు. అంటే మీ స్లాబును కింది నుంచి మూడున్నర అడుగుల ఊటనీరు తోస్తోంది. 30 × 15 × 3.5 ఘనపుటడుగులు, దాదాపు 44 టన్నులు. ఆరంగుళాల గోడలు, స్లాబు కలిపి ఖాళీ తొట్టి బరువు ముప్పై టన్నులు దాటడం కష్టం. లోపలున్న 51 వేల లీటర్లే దాన్ని అణచి ఉంచుతున్నాయి. అవి తోడేస్తే తొట్టి పడవలా లేవాలని చూస్తుంది. లేవకపోతే స్లాబు పగులుతుంది. కాలువలు కట్టేసిన ఎండాకాలంలో అయితే వేరే మాట, కార్తీకంలో కాదు.

భీమవరం_వైరింగ్:
ఏఈ గారితో ఏకీభవిస్తాను. అసలు తోడాల్సిన పనే లేదు. ఈ లైట్లకి గోడలో గూడులాంటి డబ్బా ఉంటుంది. అందులో నీళ్లు ఉండాల్సిందే, చాలామంది చూసి లీకేజీ అని కంగారుపడతారు. లైటు వెనక కేబుల్ చుట్ట ఉంటుంది. పైనున్న ఒక్క స్క్రూ విప్పి లైటును కొద్దిగా ముందుకి లాగితే, ఆ చుట్ట విప్పుకుంటూ గట్టు మీదకి వచ్చేస్తుంది. బల్బు, రబ్బరు గాస్కెట్ ఒడ్డునే మార్చుకోవచ్చు. పాత గాస్కెట్ మళ్లీ వేశారో, వారంలో లోపలికి నీళ్లు.

"కరెంటు పోయినప్పుడు" అనే మాట మాత్రం ఒప్పుకోను. మీకు జనరేటరుందా? ఆటోమేటిగ్గా స్టార్టయితే కుర్రాడు నీళ్లలో ఉండగానే లైను వస్తుంది. ఎంసీబీ, అంటే ఆ లైను బ్రేకరు, ఆపి, టెస్టర్ పెట్టి చూసి, ఎంసీబీ బాక్సుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని దిగమనండి.

డల్లాస్_గోదారోడు:
ఇంత టెన్షన్ ఎందుకు? ఇక్కడ మా ఇంటి పూల్ లైటు 120 వోల్టులదే. ట్రిప్ అయ్యే బ్రేకరుంది, పిల్లలు రోజూ ఈదుతున్నారు. అక్కడ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే ట్రిప్ అయ్యే స్విచ్, పెట్టుకుంటే 230 అయినా ఏం కాదు.

భీమవరం_వైరింగ్:
అన్నయ్యా, మీ దగ్గర ఇనుప చువ్వలు, నిచ్చెన, పంపు, అన్నీ రాగితీగతో ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఇక్కడ ఎర్త్ గుంటలో ఉప్పు వేశారో లేదో కూడా తెలీదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364లో పూల్స్ భాగం చూడండి: మనుషులు ఈదే నీళ్లలో లైటుకి 12 వోల్టుల ఏసీ, అది కూడా సేఫ్టీ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి. 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ కచ్చితంగా ఉండాలి, కానీ అది రెండో కాపలా.

కాళ్ళ_రొయ్యలరైతు:
230కి ఏం కాదనే వాళ్లు ఒకసారి మా చెరువుగట్టుకి రండి. ఏరియేటర్ కేబుల్ తాడుకి రాసుకుని పైతొడుగు పోయింది. చెయ్యి నీళ్లలో పెట్టగానే భుజం దాకా లాగేసింది. కర్రతో కొట్టి తప్పించారు. మా నీళ్లు ఉప్పునీళ్లు, ఇంకా బాగా పాకుతుంది. రాజోలు వైపు బోర్లూ కొన్ని ఉప్పువే కదా.

గచ్చిబౌలి_పూల్స్:
ఊటనీటి సంగతి ఒప్పుకుంటున్నా, నాకది తట్టలేదు. కానీ వైరింగ్ గారూ, కేబుల్ చుట్ట ఉంటుందని మీరు నమ్ముతున్నారు. నేను విప్పిన వాటిలో సగానికి చుట్టే లేదు. మీటరు వైరు మిగుల్చుకోవడానికి కోసేస్తారు. అప్పుడేం చేస్తారు?

అమలాపురం_రిటైర్డ్_ఏఈ:
అప్పుడు రెండడుగులు దించుకోండి, లైటు బయటపడుతుంది. లోపల ఇంకా పాతిక టన్నుల నీళ్లుంటాయి, తొట్టితో కలిపి 55. ఊటకి చాలు. పని కాగానే నింపేయాలి. వాన మబ్బుంటే మాత్రం ముట్టుకోవద్దు.

రాజోలు_హోంస్టే:
అయిందండి. గచ్చిబౌలి గారు అన్నట్టే కేబుల్ మూరెడు కూడా రాలేదు. రెండడుగులు దించాం. స్క్రూ తుప్పుకి బిగుసుకుపోయి, తల అరిగిపోయి, పట్టుకారుతో గంట పట్టింది. అద్దం లోపల సగం దాకా పాకురంగు నీళ్లు, గాస్కెట్ పాత సైకిల్ ట్యూబులా విరిగింది. బల్బు మీద 12 వోల్టులు, 300 వాట్లు అని ఉంది. ప్రాణం కుదుటపడింది.

కానీ పంప్ రూములో స్విచ్ ఆపి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర టెస్టర్ పెడితే వెలిగింది! స్విచ్‌ని ఫేజుకి కాకుండా న్యూట్రల్‌కి వేశారు, అందుకే ఆపినా లైను వస్తూనే ఉంది. మా కుర్రాడి మొహం తెల్లబోయింది. ఎంసీబీ ఆపాకే ముట్టుకున్నాడు. ఇప్పుడు 12 వోల్టుల ఎల్ఈడీ, 20 వాట్లది, వేశాం. స్విచ్ కూడా ఫేజుకి మార్పించా.

భీమవరం_వైరింగ్:
ఆ పాత హాలోజన్ బల్బుని టెస్ట్ చేద్దామని గట్టు మీద వెలిగించకండి. నీళ్లే దాన్ని చల్లబరుస్తాయి, బయట వేడికి పగులుతుంది. ఎల్ఈడీ మిణుకుమంటే ట్రాన్స్‌ఫార్మర్ ఎలక్ట్రానిక్‌దేమో చూడండి, చిన్న లోడుకి కొన్ని సరిగ్గా పనిచేయవు.

రాజోలు_హోంస్టే:
లేదండి, తీగచుట్టలున్న బరువైనదే. కుదురుగా వెలుగుతోంది.

గచ్చిబౌలి_పూల్స్:
నీళ్లు దించారు కదా, టైల్స్ చూశారా మరి?

రాజోలు_హోంస్టే:
చూశానండి. రెండు ఊడాయి.