మునిగిన ఫైబర్ బోటు లేపడానికి డ్రమ్ములా, లిఫ్ట్ బ్యాగులా?

పెదజాలరిపేట_బోటు:
అన్నలకి నమస్కారం. పోయిన వారం గాలికి లంగరు తాడు తెగి మా ఫైబర్ బోటు మునిగిపోయింది. లోతు 10 మీటర్లు. మావోడు ఊపిరి బిగబట్టి దిగి చూసొచ్చాడు. నిటారుగానే కూర్చుందంట, అడుగు జానెడు బురదలో దిగిందంట. ఖాళీ బోటు 1200 కిలోలు, ఇంజను 200. క్రేను వాళ్ళు అడిగే డబ్బు మా వల్ల కాదు. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు ఎనిమిది కడితే లేస్తుందని మామయ్య అంటున్నాడు. టన్ను బరువెత్తే లిఫ్ట్ బ్యాగు (నీటి అడుగున గాలి నింపి బరువులు లేపే సంచి) ఒకటి అద్దెకి తెచ్చి సగం పైన గాలి నింపితే చాలని ఇంకొకరు అంటున్నారు. ఏది చెయ్యమంటారు? నాలుగు ఇళ్ళు ఆ బోటు మీదే బతుకుతున్నాయి.

యార్డు_మనిషి:
ముందు బరువు చూడండి. ఫైబర్ నీటికంటే ఒకటిన్నర రెట్లే బరువు కాబట్టి 1200 కిలోల బోటు సముద్రంలో 400 కూడా తూగదు. ఇంజను ఇనుము, అది పెద్దగా తగ్గదు, 170 వేసుకోండి. తడిసిన వలలతో కలిపి 600 అనుకోండి. ఒక ఘనమీటరు గాలి సముద్రపు నీటిలో 1025 కిలోలు ఎత్తుతుంది. అంటే 600 లీటర్ల గాలి చాలు.

పాత_డైవరు_విశాఖ:
తమ్ముడూ, లెక్క సరైనదే. కానీ 600 కిలోలు ఎత్తడం కష్టం కాదు, ఎత్తింది మన చేతిలో ఉంచుకోవడం కష్టం. ముప్పై ఏళ్ళు ఈ పనే చేశాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

డ్రమ్ములు వద్దు. మూత బిగించి దింపితే 10 మీటర్ల దగ్గర నీటి ఒత్తిడికి నలిగిపోతాయి. కింద గాలి నింపి మూత బిగిస్తే పైకొచ్చేటప్పుడు ఆ గాలి రెట్టింపై పగులుతాయి. గుండ్రటి డ్రమ్ము మీద తాడూ నిలవదు.

టన్ను బ్యాగు ఒక్కటే కట్టడం అంతకంటే ప్రమాదం. అడుగున 600 లీటర్లు నింపావనుకో. బోటు కదిలి పైకొస్తున్నకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, గాలి ఉబ్బుతుంది, సంచిలో ఇంకా చోటుంది కాబట్టి నిండిపోయేదాకా ఎత్తే బలం పెరుగుతూనే ఉంటుంది. 400 కిలోలు అదనం. ఇక దాన్ని ఎవరూ ఆపలేరు.

నా కళ్ళారా చూశాను. 14 మీటర్ల లోతులో లంగరు గొలుసు లేపుతున్నాం, రెండు టన్నుల సంచి, సగమే నింపారు. నీళ్ళు మసక, చెయ్యి కనపడదు. పట్టీ బిగుసుకుని అరచేతి కింద వణికింది, ఆ తర్వాత ఒక్కసారిగా ఖాళీ. సంచి పైకి దూసుకెళ్ళి, నీటి మీద తిరగబడి, గాలంతా వదిలేసి, గొలుసుతో సహా మళ్ళీ మా మీదికే వచ్చింది. నా జోడీ డైవరుకి రెండు వేళ్ళు పోయాయి. ఇవాళ్టికీ షేక్‌హ్యాండ్ ఇస్తే ఆ వేళ్ళ చోటు నాకు తెలుస్తుంది.

అందుకే చిన్న సంచులు, నిండుగా నింపినవి. కింద నోరు తెరిచి ఉండే రకం, గొడుగులాంటిది తీసుకో. అది నిండితే ఉబ్బిన గాలి నోట్లోంచి బుడగలుగా పోతుంది తప్ప బలం పెరగదు. 250 కిలోలవి రెండు, ముందొకటి వెనకొకటి, 100 కిలోలవి రెండు. పెద్దవి రెండూ, చిన్నది ఒకటీ నిండితే 600. ఆఖరి చిన్నదాని మీదే పని. పైనున్న గాలి వదిలే వాల్వు తాడు డైవరు చేతిలో ఉండాలి. అడుగు పట్టీ తెగితే సంచి ఎగిరిపోకుండా దాని నెత్తికి వేరే తాడు కట్టి బోటుకే బిగించు. నీ వాళ్ళెవరూ సంచికి పైనగానీ, బోటు కిందగానీ ఉండకూడదు.

బురద పట్టు విడిపించడానికి అదనపు గాలి ఎక్కించకు. అది విడిచిన మరుక్షణం ఆ అదనమంతా పరుగు పెడుతుంది. సంచులు బరువుకి కాస్త తక్కువగా ఉండగా పంపు గొట్టంతో అడుగున నీళ్ళు కొట్టి బురద కదిలించు. తర్వాతే ఆఖరి సంచి.

ఇంకోటి, చాలామంది ఇక్కడే మోసపోతారు. బోటులో నిండిన నీటికి మునిగి ఉండగా బరువు లేదు. అంచు నీటిపైకి వచ్చిందంటే ఆ టన్నుల నీళ్ళూ నీ మీద పడతాయి. కాబట్టి పూర్తిగా పైకి లాగొద్దు. పట్టీలు పొట్టిగా కట్టి, బోటు నీటి కిందే వేలాడుతుండగా నెమ్మదిగా అలల్లేని చోటికి లాక్కుపో. పోటు మీద లోతు తక్కువ చోట కూర్చోబెట్టి, పాటులో అంచు తేలాక పంపుతో తోడు. మనకి పోటు, పాటులకి తేడా మీటరున్నర లోపే, అయినా అది చాలు.

పెదజాలరిపేట_బోటు:
అన్నా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మామయ్యకి చదివి వినిపించాను, డ్రమ్ములు మానేశాం. గాలికి ఎన్ని సిలిండర్లు కావాలి?

పాత_డైవరు_విశాఖ:
సంచులన్నీ కలిపి 700 లీటర్లు. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి రెట్టింపు కాబట్టి 1400 లీటర్ల గాలి. 12 లీటర్ల సిలిండరు 200 బార్ ఒత్తిడితో నిండితే 2400. ఒకటి చాలు, రెండోది ఉంచుకో. డైవరు పీల్చే సిలిండరు నుంచి మాత్రం నింపనివ్వకు. డీజిల్ ట్యాంకు గాలి రంధ్రం దిగగానే బిగించమను. పోర్టుకీ మత్స్యశాఖకీ మెరైన్ పోలీసులకీ ముందే చెప్పు. మీవోడు ఊపిరి బిగబట్టి దిగాడంటున్నావు కదా, ఈ పనికి అతన్ని దింపకు. శిక్షణ ఉన్న డైవర్లు ఇద్దరు కావాలి. ఏ రోజు పెట్టుకున్నావో రాయి, నేను ఒడ్డున ఉంటాను.