పాట చివర పేరు అరిచిందెందుకు? శానిటైజర్‌తో తుడిచిన గ్రామఫోన్ ప్లేటు బతుకుతుందా?

పెరంబూరు మనవడు:
అమ్మమ్మ ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ట్రంకు పెట్టెలో నాలుగు గ్రామఫోన్ ప్లేట్లు దొరికాయి. ఒకదానికి ఒకవైపే గాళ్ళున్నాయి, రెండోవైపు నున్నగా ఉంది. కింది ఫ్లాట్ మామగారి దగ్గర కీ ఇచ్చే పెట్టె ఉంటే వేయించాం. బరబరల మధ్య ఎవరో ఆవిడ హిందుస్తానీ పాట. మూడు నిమిషాలైనా లేదు. ఆఖర్న ఇంగ్లీషులో "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని ఒక్క కేక! మా ఆవిడ ఉలిక్కిపడి కాఫీ ఒలకబోసింది. పాడినావిడ పేరెందుకు అరిచినట్టు?

ఇంకో సంగతి, తిట్టకండి. బూజు పోతుందని శానిటైజర్‌తో తుడిచాను. గుడ్డంతా నల్లగా అయింది.

ముల్లు మాస్టారు:
నాయనా, ముందు ఆ సీసా మూత పెట్టు. అది లక్క ప్లేటు. వడ్రంగులు లక్కని స్పిరిట్‌లో కరగబెట్టే కదా పాలిష్ వేస్తారు! శానిటైజర్‌లో ఉండేదీ అలాంటి స్పిరిటే. నువ్వు బూజు కాదు, పాటనే తుడిచావు. గోరువెచ్చని నీళ్ళలో చుక్క సబ్బు వేసి, మెత్తటి గుడ్డతో గాళ్ళ వెంబడే గుండ్రంగా తుడువు. మధ్యలో కాగితం తడవకూడదు. ఎండలో పెట్టావో, అప్పడంలా వంగిపోతుంది.

మామగారిని ముల్లు మార్చారా అని అడుగు. లక్కలో రాతిపొడి కలుపుతారు. అది ఉక్కు ముల్లును గాడికి సరిపడా అరగదీస్తుంది. అరిగిన ముల్లుతో ఇంకో పాట వేస్తే, ఈసారి అరిగేది ప్లేటు. పాటకో ముల్లు, అంతే. పొదుపు ఇక్కడ పనికిరాదు.

మైసూరు కోడలు, బెంగళూరు:
పేరు అరిచింది గొప్ప కోసం కాదండీ. 1902లో కలకత్తాలో గైస్‌బర్గ్ అనే ఆయన ఆవిడ పాటలు రికార్డు చేశాడు. అప్పట్లో మైకుల్లేవు, పెద్ద కొమ్ములోకి పాడాలి. ఆ మైనపు అచ్చులు ఓడెక్కి జర్మనీలో హానోవర్ వెళ్ళేవి, ప్లేట్లు అక్కడ తయారయ్యేవి. అక్కడివాళ్ళకి మన పాట తెలీదు, పాడిందెవరో తెలీదు. చివర్లో పేరు చెబితే అది విని లేబుల్ వేసుకునేవాళ్ళు. కలకత్తాలో ఫ్యాక్టరీ వచ్చింది 1908లో.

ఆవిడ చివరి రోజుల్లో మైసూరు ఆస్థానంలో ఉంది, 1930లో అక్కడే పోయింది. మా అత్తగారిది మైసూరే అయినా ఈ సంగతి నాకు పెళ్ళైన పదేళ్ళకి తెలిసింది!

మధ్య కాగితం మీద కంపెనీ గుర్తుగా కుక్క బొమ్మ ఉందా, రెక్కల దేవదూత ఉందా? కుక్క తర్వాత వచ్చింది. దేవదూత ఉంటే పాతదే. అంచున చిన్నక్షరాల్లో హానోవర్ అని ఉందేమో చూడండి.

పెరంబూరు మనవడు:
టార్చి వేసి చూశాను. రెక్కలున్నాయి. అంచున ఇంగ్లీషులో 'హానో' వరకు కనిపిస్తోంది. మిగతా అక్షరాలు ఆ గుడ్డకి అంటుకుని ఉన్నాయి.