మిల్లు ఖాళీగా ఉన్న రోజుల ఖర్చు కూడా బేలు మీదే వెయ్యాలా?

మిల్లు అకౌంటెంట్:
మాది ఆదిలాబాద్ వైపు జిన్నింగ్ మిల్లు, పత్తి నుంచి గింజ తీసి దూదిని బేళ్లుగా (నొక్కి కట్టిన మూటలు) కడతాం. మామూలుగా సీజన్‌కు 20,000 బేళ్లు. ఫోర్‌మన్ జీతం, యంత్రాల ఇన్సూరెన్స్, తరుగుదల, కరెంటు డిమాండ్ ఛార్జీ (వాడకం ఎంతైనా కట్టాల్సింది) అన్నీ కలిపి 60 లక్షలవుతుందని అంచనా వేసి బేలుకు 300 పట్టుకున్నాం. ఈసారి పత్తి రాక 14,000 బేళ్లే కట్టాం. లెక్కల్లో బేళ్లకు ఎక్కింది 42 లక్షలు, అసలు ఖర్చు 63 లక్షలు. అంటే 21 లక్షల అండర్ అబ్జార్ప్షన్, బేళ్లకు ఎక్కకుండా మిగిలిపోయిన ఖర్చు. మా ఓనర్ గారు "63 లక్షల్నీ 14,000తో భాగించు, బేలుకు 450 వెయ్యి" అంటున్నారు. ఆడిటర్ గారు ఒప్పుకోవట్లేదు. 4,000 బేళ్లు ఇంకా గోడౌన్‌లోనే ఉన్నాయి. ఎవరిది కరెక్ట్?

కాస్టింగ్ మాస్టారు:
ఆడిటర్ గారిదేనండీ. స్టాకు విలువ కట్టే అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 2 ప్రకారం ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్స్‌ను (ఎన్ని బేళ్లు కట్టినా మారని తయారీ ఖర్చులు) నార్మల్ కెపాసిటీతోనే, అంటే మామూలు సీజన్లలో కట్టే బేళ్లతోనే భాగించాలి. ఉత్పత్తి తగ్గిందని బేలుకు పడే వాటా పెంచకూడదు. ముందు ఆ 21 లక్షల్ని విడదీయండి. 6,000 బేళ్లు తగ్గినందుకు 18 లక్షలు, ఖర్చు పెరిగినందుకు 3 లక్షలు. జీతాలు, ప్రీమియం నిజంగానే పెరిగి ఉంటే ఆ 3 లక్షలు రేటులోకి వస్తాయి: 63 లక్షలు భాగించు 20,000, బేలుకు 315. గోడౌన్‌లోని 4,000 బేళ్ల స్టాకు మీద 12.60 లక్షలు పడతాయి. ఓనర్ గారి లెక్కలో 18 లక్షలు. ఆ 5.40 లక్షల తేడా అమ్మని బేళ్లలో దాక్కుని ఈ ఏడు లాభంలా కనిపిస్తుంది. తగ్గిన 6,000 బేళ్లకు 315 చొప్పున, బేళ్లకు చేరని 18.90 లక్షలు ఈ ఏడు ఖర్చుగానే రాయాలి. అన్నట్టు, కట్టేసిన బేళ్లు పెట్టే గోడౌన్ అద్దెను స్టాకు విలువలో కలపకండి.

నూనె మిల్లు మేనేజర్:
మాస్టారూ, పుస్తకం మాట సరే. 315 చూసుకుని ధర చెప్తే ఆ 18.90 లక్షలు ఎవరిస్తారు? జీతాలు మానలేదు, కరెంటు బిల్లు ఆగలేదు.

కాస్టింగ్ మాస్టారు:
దూది ధర చెప్పేది మనం కాదండీ, బజారు. 450 రాసుకున్నంత మాత్రాన కొనేవాడు రూపాయి ఎక్కువివ్వడు. పైగా ఆ అంకె చూసి, ఖర్చు దాటి వచ్చే బేరాన్ని కూడా వదిలేస్తారు. అప్పుడు మిల్లు ఇంకా ఖాళీ అవుతుంది. పంట బాగా వచ్చి 24,000 బేళ్లు కట్టారనుకోండి, ఖర్చు 60 లక్షలే అయితే 300 చొప్పున 72 లక్షలు ఎక్కుతాయి. అప్పుడు మాత్రం రేటు 250కి దించాల్సిందే. లేకపోతే స్టాకు అసలు ఖర్చుకన్నా ఎక్కువలో ఉంటుంది.

నూనె మిల్లు మేనేజర్:
ఒప్పుకున్నా. కానీ 20,000 నార్మల్ అని ఎవరన్నారు? నార్మల్ అంటే కొన్ని సీజన్ల సగటు కదా. పాత రిజిస్టర్లు చూశారా?

మిల్లు అకౌంటెంట్:
ఇప్పుడే ప్రెస్ రిజిస్టర్ (కట్టిన బేళ్ల లెక్క) తీశాను సర్. ఐదు సీజన్లు వరుసగా 21,200, 19,800, 20,500, 15,500, 14,000. సగటు 18,200. అలాగైతే బేలుకు 346 పడుతుంది.

కాస్టింగ్ మాస్టారు:
మేనేజర్ గారు సరైన చోట పట్టుకున్నారు. మీ చుట్టుపక్కల రైతులు పత్తి మానేసి వేరే పంటకు పోతుంటే 18,200 వాడొచ్చు. రెండేళ్లూ వానల దెబ్బే అయితే నేను 20,000 దగ్గరే ఉంటాను.

మిల్లు అకౌంటెంట్:
మా దగ్గర సాగు తగ్గలేదు, వానలకే కాయ కుళ్లింది. 315తోనే వేసి, ఆ రిజిస్టర్ కాపీ ఓనర్ గారికీ ఆడిటర్ గారికీ ఇస్తాను.