చిల్లు పూడ్చిన వెండి నాణెం: ఉంచుకోవాలా, తిప్పి పంపాలా?

రాగిడబ్బు:
మొన్న ఆన్‌లైన్‌లో ఒక పాత వెండి నాణెం కొన్నాను. 1796లో మెక్సికో టంకశాలలో కొట్టిన 8 రియాళ్ల నాణెం, అందరూ స్పానిష్ డాలర్ అనేది. ఒక పక్క నాలుగో కార్లోస్ రాజు తల, రెండో పక్క కిరీటం, రెండు స్తంభాలు. రాజు చెంప మీద, మెడ కింద చైనా షరాబులు వెండి పరీక్షించి కొట్టిన చిన్న చిన్న ముద్రలున్నాయి. అవి ఫొటోలోనే కనిపించాయి, నిజానికి వాటి కోసమే కొన్నాను.

అమ్మినాయన చెప్పనిది ఇంకొకటి ఉంది. చేతికొచ్చాక కిటికీ దగ్గర వాలుగా పట్టుకుని చూస్తే, రాజు నుదుటి పైన అక్షరాల పక్కన మిరియపు గింజంత గుండ్రటి మచ్చ. తిప్పి చూస్తే అవతలి పక్కా అంతే. ఎప్పుడో చిల్లు పొడిచారు, తర్వాత ఎవరో మాటు వేశారు. వివరాల్లో దాని ఊసే లేదు. ఫొటోలో సరిగ్గా ఆ చోటే వెలుగు పడి తెల్లగా పోయింది. తిప్పి పంపడానికి ఇంకా నాలుగు రోజులుంది. పంపుదామంటే మనసు రావడం లేదు, ఉంచుకుందామంటే మోసపోయానేమో అని టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

వాలుచూపు:
పంపేయండి. ఇందులో ఆలోచించేదేమీ లేదు. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థలు మాటు వేసిన నాణేనికి 1 నుంచి 70 వరకు ఉండే అంకె ఇవ్వవు, దెబ్బతిన్నదని తెలిపేలా ‘డీటెయిల్స్’ అని రాసి వదిలేస్తాయి. రేపు మీరు అమ్ముదామన్నా కొనేవాడు మొదట వేలు పెట్టేది ఆ మచ్చ మీదే.

డబ్బు సంగతి పక్కన పెట్టినా నా అనుభవం ఒకటి చెబుతాను. మొదట్లో నేను ఒక నాణెం కొన్నాను. బాగా మెరుస్తోందని మురిసిపోయాను. భూతద్దం కింద పెడితే ఒళ్లంతా ఒకే వైపుకు సన్నటి గీతలు, ఎవరో పొడి వేసి తోమేశారు. మొహమాటపడి ఉంచేసుకున్నాను. పదేళ్లయింది. ఇప్పటికీ పెట్టె తెరిస్తే అందులో నాణెం కనిపించదు, ఆ అమ్మినాయన కనిపిస్తాడు.

తూకంరాయి:
నేను ఉంచుకోమంటాను. తోమిన నాణేన్నీ చిల్లు పడ్డ నాణేన్నీ ఒకే గాటన కట్టకండి. తోమడం మనలాంటి వాళ్లు అందం కోసం చేసిన పాడుపని. చిల్లు, మాటు, ముద్ర చాలాసార్లు నాణెం చేతులు మారుతున్న రోజుల్లోనే పడేవి. మెడలో వేసుకోవడానికి ఒకరు చిల్లు పొడిచేవారు, అవసరం వచ్చి ఖర్చు పెట్టాల్సి వస్తే తూకం తగ్గిందని అవతలివాడు అనకుండా ఇంకొకరు పూడ్చేవారు.

ఇవే స్పానిష్ డాలర్లు మద్రాసు నుంచి 40,000 ఓడలో సిడ్నీ వెళ్లాయి, 1812లో. అక్కడ నాణేలకు కరువు, వచ్చినవి వచ్చినట్టే వేరే ఓడల్లో వెళ్లిపోయేవి. గవర్నర్ మెక్వారీ ప్రతి నాణేనికీ నడిమధ్య చిల్లు పొడిపించాడు. చుట్టూ మిగిలిన ఉంగరం 5 షిల్లింగులు, ఊడిన బిళ్ల 15 పెన్నీలు, రెంటి మీదా 1813 అని కొత్త ముద్ర. ఆ పని చేసిన హెన్షాల్ దొంగ నాణేల కేసులో శిక్షపడి అక్కడికి చేరినవాడు! ఈ రోజు ఆ చిల్లు నాణెం దొరికితే చాలనుకునే సేకర్తలు ఎంతమంది లేరు?

వాలుచూపు:
తూకంరాయి గారూ, మెక్వారీ చిల్లు పొడిచి దాచలేదు, ప్రకటించి మరీ పొడిచాడు. నా గొడవ చిల్లుతో కాదు. మసిపూసి మారేడుకాయ చేసి అమ్మడంతో. ఫొటోలో అక్కడే వెలుగెందుకు పడింది?

అంచుపట్టీ:
మీరిద్దరూ అసలు ప్రశ్న వదిలేశారు. ఆ నాణెం అసలుదేనా? ఈ రకానికి నకిలీలు కుప్పలు. అది తేలకుండా చిల్లు గురించి వాదన దండగ.

కొత్తగా కొట్టినప్పుడు ఇది సుమారు 27 గ్రాములు. ముందు తూచండి. తర్వాత తూకం మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, గిన్నె అడుగు గానీ పక్కలు గానీ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అప్పుడు కనిపించే అంకెతో అసలు బరువును భాగించండి. స్వచ్ఛమైన వెండికి 10.49 వస్తుంది, కొంచెం రాగి కలిసిన ఈ వెండికి 10.3 దరిదాపుల్లో రావాలి. 9 లోపు వస్తే మారుమాట లేకుండా పంపేయండి.

ఆపైన అంచు చూడండి. సున్నా, నలుచదరం, సున్నా, నలుచదరం అలా నకాషీ ఉంటుంది. నాణేన్ని రెండు పట్టీల మధ్య దొర్లించి అది వేసేవారు, ఒక్కో పట్టీ సగం చుట్టు. అందుకే ఎదురెదురుగా రెండు చోట్ల నకాషీ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటుంది. పోతపోసిన నకిలీలో మామూలుగా ఇది కుదరదు, చుట్టూ ఒకేలా ఉంటుంది లేదా ఒక చోట కుట్టులా గీత కనిపిస్తుంది.

రాగిడబ్బు:
రాత్రి కూర్చుని చేశాను. బరువు 26.4 గ్రాములు. నీళ్లలో 2.56. అంటే 10.31. అంచు మీద నకాషీ రెండు చోట్ల ఎక్కింది, ఎదురెదురుగానే. గుండె కాస్త కుదుటపడింది.

ఇంకో సంగతి. భూతద్దంతో మాటు చుట్టూ అతుకు గీత వెంట వెళ్తుంటే ఒక చోట గీత తెగిపోయింది. అక్కడ ఒక చైనా ముద్ర ఉంది. సగం పాత వెండి మీద, సగం మాటు మీద. ముద్ర పడ్డచోట అతుకు కూడా దానితో పాటు లోపలికి నొక్కుకుపోయింది. అంటే మాటు ముందు, ముద్ర తర్వాత. మాటు వేసిన సంగతి తెలిసే ఏ షరాబో పరీక్షించి, వెండి మంచిదేనని ముద్ర కొట్టి తీసుకున్నాడనుకుంటున్నాను.

వాలుచూపు:
ఆ ముద్ర నిన్న కొట్టినదైతే? దొంగ ముద్రలూ ఉన్నాయి. ముద్ర లోపల నలుపు, చుట్టూ ఉన్న నలుపు ఒకే రంగులో ఉన్నాయా? ముద్ర అంచులు చేతులు తగిలి అరిగాయా, కోసినట్టు పదునుగా ఉన్నాయా?

రాగిడబ్బు:
చూశాను. లోపల, బయట ఒకే బూడిదరంగు నలుపు. అక్షరం మూలలు చెంప మీది ముద్రల్లాగే అరిగిపోయాయి. ఒకటి మాత్రం కొత్త, మిగతావి పాతవి అనిపించడం లేదు.

అంచుపట్టీ:
అలాగైతే అది ఉంచుకోదగ్గ నాణెమే. నాకు దొరికితే వదలను.

వాలుచూపు:
నాణెం విషయంలో ఒప్పుకుంటున్నాను. అమ్మినాయన విషయంలో ఒప్పుకోను. ఉంచుకున్నా సరే, ఆయనకు రాయండి. మీరు ఊరుకుంటే రేపు ఇంకొకరికి ఇదే జరుగుతుంది, వాళ్ల నాణెం మీద ఆ ముద్ర ఉండదు.

రాగిడబ్బు:
రాశాను. మాటు చెప్పకుండా అమ్మారని, ఫొటోలో ఆ చోటు కనిపించలేదని, వివరాలు సరిదిద్దమని. ‘గమనించలేదండీ’ అని జవాబు వచ్చింది. నమ్మాలో లేదో తెలియదు, కానీ మాటు వల్ల తగ్గాల్సిన మేరకు డబ్బు వెనక్కి ఇచ్చారు. నాణెం ఉంచుకుంటున్నాను.

పీవీసీ కవరు వాడొద్దని, అందులో పెడితే ఆకుపచ్చ జిగురు పడుతుందని ఎప్పుడో విన్నాను, అందుకే కాగితపు కవరులో పెట్టాను. దాని మీద పెన్సిల్‌తో రాసింది ఇది: ‘1796, మెక్సికో, 8 రియాళ్లు, 26.4 గ్రా. నుదుటి పైన చిల్లు, మాటు. మాటు అంచు మీద చైనా ముద్ర, వాలు వెలుగులో చూడాలి.’