కడుపు మెలిపడిన కుక్కకు ఆపరేషన్ తర్వాత: రాత్రంతా మానిటరా, స్టెతస్కోపు చాలా?

పెన్నాగట్టు, నెల్లూరు
జీడీవీ (కడుపు ఉబ్బి మెలిపడటం) ఆపరేషన్ బాగా జరిగిందని నిమ్మళంగా ఉంటే కుదరదు. గుండె లయ తప్పేది ఎక్కువగా 12 నుంచి 36 గంటల మధ్యే. 48 గంటలు ఈసీజీ ఆగకుండా నడవాలి. నాలుగు గంటలకోసారి ఒక స్ట్రిప్ తీసి "నార్మల్" అని రాస్తే, మధ్యలో వచ్చిపోయే వీటీ (గుండె కింది గదుల్లో పుట్టే వేగపు లయ) ఎవరికి కనపడుతుంది?

ఒంగోలు వెట్
మనుషుల మానిటర్ కుక్కకు తగిలిస్తే ఈసీజీలో బీటు వెనకే వచ్చే టీ వేవ్‌ని కూడా బీటుగా లెక్కేస్తుంది. గుండె 110 కొడుతుంటే తెర మీద 220. ఆ అంకె చూసి, లయ సరిచేసే లిగ్నోకైన్ ఎక్కించేవాళ్లున్నారు. స్టెతస్కోపు గుండె మీద, వేళ్లు తొడ లోపలి నాడి మీద ఒకేసారి పెట్టండి. చప్పుడు వినపడి నాడి అందకపోతే అప్పుడు ఈసీజీ తీయండి.

కావలి కుర్రోడు
ఈసీజీ క్లిప్పులకు స్పిరిటా, జెల్లా?

పెన్నాగట్టు
జెల్. స్పిరిట్ కాసేపటికే ఆరిపోయి గీత వణుకుతుంది. షాక్ ఇవ్వాల్సొస్తే మంట అంటుకునే ప్రమాదం కూడా. రాత్రంతా అయితే క్లిప్పులే వద్దు, చర్మం కమిలిపోతుంది. బొచ్చు గొరిగి స్టిక్కర్లు అంటించి పైన కట్టు కట్టండి. ఎర్ర వైరు కుడి ముందుకాలి వైపు, పసుపు ఎడమ ముందుకాలి వైపు, ఆకుపచ్చ ఎడమ వెనక, నల్లది కుడి వెనక.
ఒంగోలు సార్, 140 కొట్టే వెంట్రిక్యులర్ (కింది గదుల్లో పుట్టే) లయ చెవికి మామూలుగానే ఉంటుంది. దాన్నెలా పడతారు?

ఒంగోలు వెట్
దానికి మందే అక్కర్లేదు కదా! 160 లోపుండి బీపీ నిలబడితే నొప్పి, ఆక్సిజన్, సెలైన్, పొటాషియం, మెగ్నీషియం సరిచూసుకోండి. 180 దాటి నాడి బలహీనపడితేనో, ఈసీజీలో బీటు మొన (ఆర్ వేవ్) వెళ్లి ముందటి బీటు టీ వేవ్ మీద పడుతుంటేనో కిలోకు 2 మి.గ్రా. లిగ్నోకైన్ నెమ్మదిగా ఇవ్వండి. 20 కిలోల కుక్కకు 2 శాతం మందు 2 మి.లీ. అడ్రినలిన్ కలిపిన వయల్ కాదు. పొటాషియం తక్కువుంటే ఈ మందు సరిగా పట్టదు.

పిల్లుల వార్డు
ఆ మోతాదు పిల్లికిస్తే ఫిట్సొస్తాయి. మూత్రం బిగిసిన మగపిల్లికి గుండె 140 కిందికి పడి, బీటుకు ముందొచ్చే పీ వేవ్ మాయమై, టీ వేవ్ నిక్కబొడుచుకుంటే పొటాషియం పెరిగినట్టే అనుకోండి. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ కిలోకు 0.5 నుంచి 1 మి.లీ., 5-10 నిమిషాల మీద, ఈసీజీ చూస్తూనే ఎక్కించాలి. అక్కడ స్టెతస్కోపు చాలదు.

కావలి కుర్రోడు
జెల్ బొచ్చంతా పాకి రెండు క్లిప్పుల మధ్య కలిసిపోతే ట్రేసే పాడవుతుంది. చిన్న స్ట్రిప్‌కి స్పిరిట్టే మేలు.

ఒంగోలు వెట్
స్పిరిట్ గొడవ ఆపండయ్యా! పెన్నాగట్టు గారూ, మీ టౌన్లో రాత్రి మనుషులుంటారు. చిన్న క్లినిక్కుల్లో పదింటికి కాంపౌండరు తాళమేసి పోతాడు. మానిటర్ ఎవరికోసం మోగాలి?

పెన్నాగట్టు
మరి మనిషే లేనిచోట గంటగంటకీ స్టెతస్కోపు పెట్టేదెవరు? ఇన్ని పోస్టుల తర్వాత ఇప్పుడా ఈ మాట చెప్పేది? రాత్రి ఎవరూ ఉండరని ఓనరుకు ముందే చెప్పాలి. కడుపులో గాలి తీసి, సెలైన్ పెట్టి, మనిషుండే చోటికి పంపాలి.

ఒంగోలు వెట్
గాలి తీసినా మెలిక అట్నే ఉంటుంది, మళ్లీ ఉబ్బుతుంది. ఆపరేషన్ చేసే పంపుతా.

పెన్నాగట్టు
చేయండి, కాదనను. కానీ ఆ రాత్రే పంపాలి. మర్నాడు పంపితే సరిగ్గా లయ తప్పే గంటల్లో కుక్క కార్లో ఉంటుంది.

ఒంగోలు వెట్
ఆ రాత్రే పంపాలంటే మత్తు దిగి బీపీ నిలబడాలి. నిలబడకపోతే?

పెన్నాగట్టు
నిలబడకపోతే ఆ రాత్రికి మీరే కూర్చోవాలి సార్.