రైల్లో ఎంబ్రాయిడరీ కుట్టుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇంట్లో మధ్యాహ్నం గిన్నెలు సర్దేశాక నా లోకమంతా ఆరంగుళాల రింగులోనే. కాడకుట్టు, గొలుసుకుట్టు, లేజీ డైజీ బాగానే వస్తాయి. తంటా అంతా విశాఖ నుంచి సికింద్రాబాద్ అమ్మాయి దగ్గరికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేటప్పుడే. ఆరు పోగుల దారంలోంచి రెండు విడదీసి ఫ్రెంచ్ నాట్ (సూదికి దారం చుట్టి వేసే చిన్న ముడి) వేస్తుంటే, బండి ఊగినప్పుడల్లా ముడి బిగియకుండానే వెనక్కి జారిపోతోంది. పైగా కార్బన్ పేపర్‌తో దించిన మామిడిపిందె గీత చేతి చెమటకి చెరిగిపోయి, మొన్న పిందె కాస్తా వంకాయ అయింది. (మా అమ్మాయి ఇంకా నవ్వుతోంది.)

లేత గులాబీ కాటన్ జాకెట్టు గుడ్డ మీద, చేత్తో రుద్దినా చెరగకుండా, ఉతికితే మాత్రం పోయేలా దేనితో గీస్తారు? ముడికి బదులు ఊగే బండిలోనూ కుదిరే కుట్టేదైనా ఉందా? సూది బెర్తు మీద జారిపోకుండా ఏం చేస్తారో కూడా చెప్పండి. పోయినసారి పక్కాయన కూర్చోబోతుంటే నా గుండె ఆగినంత పనైంది.